గచ్చు ముక్క, జీతం చెక్కు: అమెరికాలో పేద జంటలకు కాపురం పాఠాలు

క్లాసులో ఒక్కో జంట చేతికి చిన్న గచ్చు ముక్క ఇస్తారు. ఇళ్ళల్లో నేల మీద పరిచే లినోలియం షీటులోంచి కోసిన ముక్క. ఇంగ్లీషులో ‘ఫ్లోర్’ అంటే గచ్చు, సభలో మాట్లాడే వంతు కూడా. ఆ శ్లేష మీదే ఆట అంతా నడుస్తుంది. ముక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. రెండోవాళ్ళు విని, విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అడ్డం రాకూడదు, వాదించకూడదు, పరిష్కారం కూడా చెప్పకూడదు.

ఉదాహరణకు ఆమె, ‘‘కారు రిపేరుకని దాచిన డబ్బు మీ తమ్ముడికి ఇచ్చేశావని తెలిశాక రాత్రంతా నిద్ర పట్టలేదు’’ అంటుంది. ‘‘వాడు వచ్చే నెల ఇచ్చేస్తానన్నాడుగా’’ అని అతను అనకూడదు. ‘‘నిన్ను అడక్కుండా ఇచ్చేసరికి, రేపు కారు ఆగిపోతే పనికి ఎలా వెళ్ళాలా అని భయపడ్డావు, అంతేనా?’’ అనాలి. ఆమె అవునంటేనే ముక్క అతని చేతికి వస్తుంది.

చిన్నపిల్లల ఆటలా ఉంది కదా. నేనూ అలాగే అనుకుని ఇంట్లో టీవీ రిమోట్‌తో ప్రయత్నించాను. రెండో నిమిషానికే ‘‘అది కాదు అసలు సంగతి’’ అని నోరు జారింది. అప్పటినుంచి ఈ ఆటంటే గౌరవం కలిగింది.

యూనివర్సిటీ ఆఫ్ డెన్వర్‌లో హోవర్డ్ మార్క్‌మన్, స్కాట్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేసిన ‘ప్రెప్’ అనే పాఠ్యక్రమంలోది ఇది. మొదట్లో ఇలాంటి పాఠాలకు వచ్చింది ఎక్కువగా మధ్యతరగతి జంటలు, పెళ్ళి నిశ్చయమైనవాళ్ళు. తర్వాత అమెరికా ప్రభుత్వం వీటిని పేదవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది, వెంట ఉద్యోగ సాయం అనే మాట కూడా తగిలించింది. ఆ రెండూ కలిసి ఎంతవరకు పనిచేశాయన్నది అక్కడి విధాన నిపుణులు పాతికేళ్ళుగా లెక్కలేస్తున్న చిక్కు. ఆ చిక్కును ముడి ముడిగా విప్పి చూస్తేనే ఏమైనా అర్థమవుతుంది.

పెళ్ళిళ్ళతో సర్కారుకు ఏం పని అని మనవాళ్ళు అడుగుతారు. మన ఊళ్ళల్లో మొగుడూ పెళ్ళాల గొడవ అరుగు మీది పెద్దమనుషుల దగ్గరికి వెళ్తుంది, ఇంకా ముదిరితే మహిళా పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ దాకా వెళ్తుంది. గొడవ రాకముందే పాఠం చెప్పే పద్ధతి మన దగ్గర పెద్దగా లేదు. అమెరికాలో దీనికి దారి వేసింది 1996 నాటి సంక్షేమ చట్టం. బిల్ క్లింటన్ సంతకం చేసిన ఆ చట్టం పేద తల్లులకు దశాబ్దాలుగా అందుతున్న నగదు సాయాన్ని రద్దుచేసి, గడువు పరిమితులతో, పని షరతులతో ‘టానఫ్’ అనే కొత్త పథకం పెట్టింది. విజయవంతమైన సమాజానికి పెళ్ళే పునాది అన్న వాక్యంతో ఆ చట్టం మొదలవుతుంది. పథకం లక్ష్యాల్లో రెండోది చూడండి: ఉద్యోగానికి సిద్ధం చేయడం, పని, పెళ్ళి. ఈ మూడింటి ద్వారా ప్రభుత్వ సాయం మీద ఆధారపడటాన్ని తగ్గించాలట. అంటే పనీ పెళ్ళీ కాగితం మీద మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

1999లో ఓక్లహోమా గవర్నర్ ఫ్రాంక్ కీటింగ్ తన రాష్ట్రంలో విడాకులు తగ్గించాలని ముందడుగు వేశాడు. దానికి టానఫ్ నిధుల్లోంచి కోటి డాలర్లు పక్కన పెట్టారు. తర్వాత జార్జ్ డబ్ల్యూ. బుష్ ప్రభుత్వం దాన్ని దేశమంతటికీ తెచ్చింది. 2006 ఫిబ్రవరిలో సంతకమైన చట్టంతో ఏటా 15 కోట్ల డాలర్లు కేటాయించారు. అందులో 5 కోట్ల దాకా ‘బాధ్యత గల తండ్రుల’ కార్యక్రమాలకు, మిగతాది దాంపత్య పాఠాలకు. 2010లో వాటాలను చెరి సగం చేశారు. ఈ డబ్బుతో నడిపే దాంపత్య పాఠాల్లో పిల్లల పెంపకం, డబ్బు నిర్వహణ, తగాదాల పరిష్కారంతో పాటు ఉద్యోగ సాయం కూడా చేర్చవచ్చని చట్టం చెప్పింది. ‘చేర్చవచ్చు’ అంది, ‘చేర్చాలి’ అనలేదు. ఈ తేడా తర్వాత చాలా పెద్దదయింది.

దీని వెనక ఒక పరిశోధన ఉంది. ప్రిన్స్‌టన్‌కు చెందిన సారా మెక్‌లానహన్, కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఇర్విన్ గార్ఫింకెల్ 1998 నుంచి 2000 మధ్య పెద్ద నగరాల్లో పుట్టిన దాదాపు 4,900 మంది పిల్లల కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంబడించి చదివారు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదు. అలాంటి జంటలంటే ఆసుపత్రికి తండ్రి రాడేమో, తల్లికి అతని అడ్రసే తెలియదేమో అని జనం అనుకునేవారు. తీరా చూస్తే బిడ్డ పుట్టే వేళకు పదిలో ఎనిమిది జంటలు ప్రేమగా కలిసే ఉన్నాయి. దాదాపు సగం ఒకే ఇంట్లో ఉంటున్నాయి. అయిదేళ్ళు తిరిగేసరికి కలిసి ఉన్నవి సుమారు మూడో వంతే.

ఈ లెక్క చూసి విధాన నిపుణులు అనుకున్నదేమిటంటే, పురిటి సమయం ఒక బంగారు ఘడియ, అప్పుడే పట్టుకుని మాట్లాడుకోవడం నేర్పిస్తే చాలామంది నిలబడతారని. ఆశ సబబైనదే. కానీ అదే కాలంలో సమాజ శాస్త్రవేత్త కాథరిన్ ఈడిన్ ఫిలడెల్ఫియా, క్యామ్‌డెన్ ప్రాంతాల్లో పేద తల్లుల ఇళ్ళల్లో కూర్చుని విన్నది వేరు. పెళ్ళంటే వాళ్ళకు చులకన లేదు, మహా గౌరవం. అంత గౌరవం కాబట్టే చేతిలో నాలుగు డబ్బులు, స్థిరమైన ఉద్యోగం, ఒక ఇల్లంటూ ఏర్పడ్డాకే చేసుకుంటామంటారు. ఆ రోజు రాదు, ఈలోగా బంధం తెగుతుంది. ఒకే జనం గురించిన ఈ రెండు పరిశోధనలూ రెండు మందుల చీట్లు రాసిపెట్టాయి. ప్రభుత్వం మొదటి చీటీనే ఎక్కువగా నమ్ముకుంది.

‘బిల్డింగ్ స్ట్రాంగ్ ఫ్యామిలీస్’ పేరుతో ఎనిమిది చోట్ల కార్యక్రమం పెట్టారు. అట్లాంటా, బాల్టిమోర్, బ్యాటన్ రూజ్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఓక్లహోమా సిటీ, ఇంకా ఫ్లోరిడా, ఇండియానా. బిడ్డ పుట్టబోతున్న లేదా అప్పుడే పుట్టిన, పెళ్ళి కాని జంటలు 5 వేల పైచిలుకు చేరాయి. లాటరీ వేసినట్టు సగం మందిని క్లాసుల్లోకి తీసుకున్నారు, మిగతా సగాన్ని పోల్చి చూడటానికి పక్కన పెట్టారు. కొత్త మందును పరీక్షించే పద్ధతే ఇది. 30 నుంచి 42 గంటల పాఠాలు. ప్రతి జంటకూ ఒక సమన్వయకర్త ఉండి, ఉద్యోగమో చదువో కావాలంటే ఊళ్ళో ఉన్న సంస్థలకు పంపిస్తారు. సగటున జంటకు 11 వేల డాలర్లు ఖర్చయింది.

మూడేళ్ళ తర్వాత చూస్తే ఎనిమిది చోట్లా కలిపి పెళ్ళిళ్ళు పెరగలేదు, కలిసి ఉన్నవాళ్ళూ పెరగలేదు, ఇంటి ఆర్థిక స్థితీ మారలేదు. పిల్లల ప్రవర్తనలో కాస్త మెరుగు కనిపించింది. తండ్రులు పిల్లలతో గడపడం మాత్రం కొన్ని విషయాల్లో కొద్దిగా తగ్గింది.

సగటు వెనక రెండు ఊళ్ళ కథలు ఉన్నాయి. నాకు ఈ మొత్తం లెక్కల్లో అన్నిటికన్నా ముఖ్యమనిపించింది అవే.

బాల్టిమోర్‌లో వ్యవహారం తిరగబడింది. 15 నెలలకు పాఠాలు లేని గుంపులో 70 శాతం జంటలు ఇంకా ప్రేమగా ఉంటే, పాఠాలు విన్న గుంపులో 59 శాతమే ఉన్నాయి. తీవ్రంగా కొట్టిన సంఘటనలు చెప్పిన తల్లులు పాఠాల గుంపులో 15 శాతం, రెండో గుంపులో 9 శాతం. మూడేళ్ళకు ఈ చెడు ప్రభావాలు చాలావరకు సద్దుమణిగాయి గానీ, మంచి చేద్దామని పోయిన కార్యక్రమం ఆడవాళ్ళను దెబ్బల పాలు చేసిందేమోనన్న అనుమానం చిన్నదేం కాదు. దీనికి చెప్పిన వివరణల్లో ఒకటి, అక్కడ చేరిన జంటల బంధాలు మొదటికే పలచన అని. ఇద్దరినీ కూర్చోబెట్టి ‘మన భవిష్యత్తు ఏమిటి’ అని అడిగిస్తే, కొందరికి దొరికిన నిజాయితీ జవాబు ‘విడిపోవడం’ అయి ఉండొచ్చు. అందులో తప్పేమీ లేదు కూడా. విడిపోయే దారిలో ఉన్న ఇంట్లో కోపం ఎటు మళ్ళుతుందో ఆ పాఠ్యక్రమం ముందుగా ఊహించిందా అన్నదే ప్రశ్న.

ఓక్లహోమా సిటీలో మాత్రం పాఠాలు పనిచేశాయి. మూడేళ్ళపాటు ఎడతెగకుండా కలిసి ఉన్న కుటుంబాలు పాఠాల గుంపులో 49 శాతం, రెండో గుంపులో 41 శాతం. ఏం తేడా చేశారంటే, పెళ్ళయినవాళ్ళనూ కానివాళ్ళనూ ఒకే క్లాసులో కూర్చోబెట్టారు. పాఠం 30 గంటలకే కుదించారు. హాజరైతే ‘క్రిబ్ క్యాష్’ అనే కూపన్లు ఇచ్చేవారు. వాటితో అక్కడే ఉన్న చిన్న దుకాణంలో బిడ్డకు కావలసిన సామాన్లు కొనుక్కోవచ్చు. పాఠాల్లో 80 శాతం పూర్తి చేసిన జంటలు అక్కడ 45 శాతం. మిగతా ఊళ్ళు దీని దరిదాపుల్లోకి రాలేదు. ఇంట్లో డైపర్లు నిండుకున్న తండ్రికి సాయంత్రం పూట ‘వినే కళ’ మీద క్లాసుకు రమ్మంటే ఎందుకు వస్తాడు? డైపర్ల ప్యాకెట్టు చేతికొస్తుందంటే వస్తాడు, వచ్చినందుకు వింటాడు కూడా.

పెళ్ళయిన పేద జంటల మీద ఇంకో ప్రయోగం సమాంతరంగా నడిచింది. ‘సపోర్టింగ్ హెల్దీ మ్యారేజ్’ అని, 6,298 జంటలు. రెండున్నరేళ్ళ తర్వాత కూడా దాంపత్యంలో సంతోషం, ఆప్యాయత కొద్దిగా ఎక్కువ, మాటల హింస కొద్దిగా తక్కువ. కానీ విడాకులు తగ్గలేదు, పిల్లల మీదా చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. ఆ తర్వాతి తరం కార్యక్రమాలను న్యూయార్క్ బ్రాంక్స్‌లో, టెక్సస్ ఎల్ పాసోలో 1,595 జంటలతో పరీక్షించారు. వీళ్ళందరూ పిల్లల్ని పెంచుతున్నవాళ్ళే, చాలామంది అప్పటికే పెళ్ళయినవాళ్ళు. ఏడాదికి పోట్లాటల తీరు మారింది, పెంపకంలో సహకారం పెరిగింది, పాఠాలు లేని గుంపులో 59 శాతం పెళ్ళి బంధంలో ఉంటే, పాఠాల గుంపులో 63 శాతం ఉన్నారు. పాఠాలు చెప్పడంలో వాళ్ళ చేయి తిరుగుతున్నట్టే కనిపిస్తోంది. అయితే ఆ క్లాసుల గంటల పట్టిక చూస్తే, ఉద్యోగం గురించిన భాగం భోజనంలో ఊరగాయంత.

ఇక్కడ ఆగి, అసలు డబ్బుకూ పోట్లాటకూ సంబంధమేమిటో చూద్దాం. 1980లలో అయోవా రాష్ట్రంలో భూముల ధరలు కుప్పకూలి, అప్పులు చేసిన రైతులు చితికిపోయారు. ర్యాండ్ కాంగర్ అనే పరిశోధకుడి బృందం అక్కడి 450 పైచిలుకు కుటుంబాలను దగ్గరగా చూసింది. డబ్బు తగ్గడం పిల్లల్ని నేరుగా తాకడం లేదని గమనించారు. బిల్లులు కట్టలేని టెన్షన్ అమ్మానాన్నలను కుంగదీస్తుంది, కుంగిన మనిషి ఎదుటివాళ్ళ మీద కసురుకుంటాడు, ఆ కసురు పిల్లల పెంపకంలోకి పాకుతుంది. అప్పుల్లో కూరుకున్న రైతు ఇంట్లో రాత్రి భోజనాల వేళ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. కాకపోతే గొలుసులో ఏ లంకె తర్వాత ఏ లంకె వస్తుందో వాళ్ళు కొలిచి చూపించారు.

ఆ గొలుసును రెండు చోట్ల తెంచవచ్చు. కసురుకోవడం దగ్గర తెంచాలంటే గచ్చు ముక్క కావాలి. బిల్లు దగ్గర తెంచాలంటే జీతం కావాలి. ఇంకో అడ్డంకి సమయం. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో రాత్రి షిఫ్టులకూ విడిపోవడానికీ గట్టి సంబంధం ఉందని హారియెట్ ప్రెసర్ అనే సమాజ శాస్త్రవేత్త 2000లో చూపించింది. అతను రాత్రంతా గోదాములో పెట్టెలెత్తి తెల్లారి ఇంటికొచ్చేసరికి, ఆమె పొద్దుటి షిఫ్టుకు బయల్దేరుతుంటే, గచ్చు ముక్క ఎవరి చేతిలో ఉంటే ఏం లాభం?

విచిత్రమేమిటంటే, పెళ్ళి ఊసే ఎత్తని కార్యక్రమాలు కొన్ని పెళ్ళిళ్ళు చేశాయి. అమెరికా హైస్కూళ్ళలో ‘కెరీర్ అకాడమీ’లని ఉంటాయి. ఆరోగ్యం, టెక్నాలజీ, టూరిజం లాంటి ఒక రంగం చుట్టూ చదువు అల్లి, ఊళ్ళోని కంపెనీల్లో పని అనుభవం ఇప్పిస్తారు. వాటిని తొమ్మిది స్కూళ్ళలో లాటరీ పద్ధతిలోనే పరీక్షించారు. చదువు ముగిసి ఎనిమిదేళ్ళయ్యాక చూస్తే అకాడమీలో చదివినవాళ్ళ సంపాదన సగటున 11 శాతం ఎక్కువ, మగవాళ్ళలో 17 శాతం ఎక్కువ. దాంతో పాటు భాగస్వామితో, పిల్లలతో కలిసి సొంత కాపురం ఉన్నవాళ్ళూ ఎక్కువే. ఆ పాఠాల్లో కాపురం ఎలా చేసుకోవాలో ఒక్క పేజీ లేదు.

ఇది విని ‘అయితే డబ్బిస్తే చాలు’ అనుకుంటే అదీ తొందరే. 1970లలో సియాటిల్, డెన్వర్‌లలో పేద కుటుంబాలకు కనీస ఆదాయం హామీ ఇచ్చి చూస్తే విడిపోవడాలు పెరిగాయని అప్పట్లో లెక్క తేలింది. ఆ లెక్క తప్పని తర్వాత వేరేవాళ్ళు వాదించారు. ఆ వాదన ఎటు తేలినా, చేతిలో డబ్బుంటే చెడు సంబంధంలోంచి బయటపడే ధైర్యం వస్తుందన్నది ఎవరైనా ఒప్పుకునే మాట, అది మంచిదే.

ఉద్యోగ సాయం అనగానే ఏమిస్తున్నారో కూడా అడగాలి. చాలాచోట్ల అది ఒక రెజ్యూమె వర్క్‌షాపు, ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు ఏ చొక్కా వేసుకోవాలన్న సలహా, ప్రభుత్వ ఉద్యోగ కేంద్రం అడ్రసు రాసిన చీటీ. కొన్నిచోట్ల ఇంతకన్నా గట్టిగా ప్రయత్నించారు. టెక్సస్ ఫోర్ట్‌వర్త్‌లో ‘ఎంపవరింగ్ ఫ్యామిలీస్’ అనే కార్యక్రమంలో దాంపత్య పాఠాలతో పాటు ఉద్యోగ సలహాదారు, ఇంటి లెక్కలు చూసే కోచ్ ఒకే చోట దొరికేలా పెట్టారు. అయినా జీతం నిజంగా పెంచిన శిక్షణల పక్కన పెట్టి చూస్తే ఇవన్నీ తేలిక వైద్యాలే. శాన్ ఆంటోనియోలో 1992 నుంచి ‘ప్రాజెక్ట్ క్వెస్ట్’ అని నడుస్తోంది. నర్సింగ్ లాంటి ఆసుపత్రి ఉద్యోగాలకు కమ్యూనిటీ కాలేజీలో చేర్పించి, ఫీజులో సాయం చేసి, బస్సు ఖర్చు, పిల్లల్ని చూసే ఏర్పాటు దగ్గర ఆదుకుని, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడతారు. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా అందులో చేరినవాళ్ళ సంపాదన చేరనివాళ్ళకన్నా ఎక్కువగానే ఉంది. జంటల పాఠాలు పెట్టిన ఎనిమిది చోట్లలో శాన్ ఆంటోనియో కూడా ఒకటని పైన చెప్పాను. అంటే గచ్చు ముక్కా, జీతం చెక్కూ ఒకే ఊళ్ళో, వేర్వేరు గుమ్మాల్లో దొరికేవి.

ఒకవేళ ఉద్యోగం దొరికిందనుకుందాం. అప్పుడు ఇంకో రెండు ముళ్ళు.

ఒకటి పిల్లల పోషణ బాకీ. విడిగా ఉన్న తండ్రి నెలనెలా ఇంత కట్టాలని కోర్టు ఆర్డరు ఉంటుంది. పని లేని రోజుల్లో బాకీ పేరుకుంటుంది. పని దొరకగానే యజమానే జీతంలోంచి కోసేస్తాడు. చేతికొచ్చే జీతంలో 50 నుంచి 65 శాతం దాకా కోయడానికి కేంద్ర చట్టం ఒప్పుకుంటుంది. పైగా తల్లి టానఫ్ సాయం తీసుకున్నట్టయితే, తండ్రి కట్టిన డబ్బులో చాలాభాగం తన ఖర్చు కింద రాష్ట్రమే ఉంచుకోవడం చాలాచోట్ల పద్ధతి. బిడ్డ కోసం కట్టింది బిడ్డకు చేరదు. అలాంటి తండ్రికి ఉద్యోగం చూపించి, సాయంత్రం ‘బాధ్యత’ మీద క్లాసు తీసుకుంటే అతని మొహం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

రెండోది పెళ్ళి జరిమానా అని వాళ్ళు పిలిచేది. ఆహార సాయం, వైద్య బీమా, ఇంటి అద్దె రాయితీ, పిల్లల సంరక్షణ రాయితీ, చిన్న జీతాలకు పనిచేసేవాళ్ళకు పన్ను లెక్కలో ప్రభుత్వం ఇచ్చే బోనసు, అన్నీ ఆదాయం చూసి ఇచ్చేవే. చిన్న జీతాల ఇద్దరు పన్ను కాగితంలో విడివిడిగా ఉంటే ఇద్దరూ పరిమితి లోపలే. పెళ్ళి చేసుకుంటే రెండు జీతాలూ కలిసి గీత దాటుతాయి, బోనసు కరుగుతుంది. ఒక చేత్తో పెళ్ళి పాఠం చెప్పే ప్రభుత్వమే రెండో చేత్తో పెళ్ళికి రుసుము వసూలు చేస్తోంది. ఎంతమంది ఈ లెక్క వేసుకుని పెళ్ళి మానుకుంటారన్నది వేరే చర్చ. వేసుకున్నవాళ్ళను తప్పుపట్టలేం.

ఈ ముడిని కాస్త వదులు చేసి చూసిన రాష్ట్రం మిన్నెసోటా. 1994లో అక్కడ కొన్ని కౌంటీల్లో మొదలుపెట్టిన పథకం పనికి వెళ్ళినా సాయాన్ని ఒక్కసారిగా కోసెయ్యలేదు. అంతకుముందు తల్లీతండ్రీ ఇద్దరూ ఉన్న ఇంట్లో సంపాదించే మనిషి నెలకు 100 గంటలు దాటి పనిచేస్తే సాయం ఆగిపోయేది. ఆ రూలు తీసేశారు. దాంపత్యం గురించి ఎవరూ ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. మూడేళ్ళకు సర్వే చేస్తే, అప్పటికే సాయం అందుకుంటున్న ఇద్దరు తల్లిదండ్రుల కుటుంబాల్లో కొత్త పథకం కింద 67 శాతం, పాత పద్ధతి కింద 48 శాతం పెళ్ళి బంధంలో ఉన్నారు. తర్వాత విడాకుల రికార్డులతో సరిచూస్తే తేడా ఇంతలేదని తేలింది గానీ, పూర్తిగా మాయం కాలేదు. నాకు ఆసక్తిగా అనిపించిన సంగతి ఇంకొకటుంది. ఈ ఇళ్ళల్లో ఇద్దరూ పనిచేయడం తగ్గింది. ఒకరు పనికి వెళ్తే రెండోవాళ్ళు కాస్త ఇంటి దగ్గర ఉండగలిగారు.

1998లో ఆ పథకాన్ని రాష్ట్రమంతటా అమలుచేసేటప్పుడు ఖర్చు ఎక్కువవుతోందని, సంపాదించినా సాయం కొనసాగే ఆ వెసులుబాటును తగ్గించారు. మూడేళ్ళ సర్వే లెక్కలు 2000లో గానీ బయటికి రాలేదు.